ప్లీడరు గారి ఇల్లు
(ఉన్నవ లక్ష్మీనారాయణ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు రమ్మని పిలిచిన మిత్రులు ఒక షరతు పెట్టారు. "మాలపల్లి గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ఆయన సంఘసేవ గురించీ, కుటుంబం గురించీ చెప్పండి" అన్నారు. సరే అన్నాను. అయితే సంఘసేవ, కుటుంబం అనే ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టగానే నాలాంటి వాళ్ళకి ఒక ప్రశ్న వస్తుంది. సంఘసేవ చేసే మగవాడి కుటుంబంలో సేవ ఎవరు చేశారు? ఇది ఆయన్ని తగ్గించడానికి వేస్తున్న ప్రశ్న కాదని ముందే చెప్తున్నాను. నాకు ఉన్నవ అంటే గౌరవం. కాకపోతే గౌరవం ఉన్నచోట ప్రశ్నలు అడక్కూడదనే పద్ధతి మన ఉద్యమానిది కాదు.

వివరాలు తెలియని కొత్త కార్యకర్తలు ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఆయన 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు, 1958లో పోయారు. గుంటూరులో ప్లీడరు. 1902లో, అంటే పాతికేళ్ళ వయసులో, గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. వీరేశలింగం గారు వచ్చి అక్కడ వితంతు వివాహాలు జరిపించారు. 1913లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో బారిస్టరీ చదివి 1916లో తిరిగొచ్చారు. 1920లో గాంధీ సహాయ నిరాకరణకు పిలుపిస్తే ప్రాక్టీసు వదిలేశారు. పలనాడు పుల్లరి సత్యాగ్రహంలో పట్టుబడి జైలుకెళ్ళారు. అక్కడే మాలపల్లి రాశారు. 1922లో గుంటూరులోనే ఆడపిల్లల కోసం శారదా నికేతనం వచ్చింది. నవలను మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. తర్వాత కొన్ని మార్పులతో రానిచ్చి, 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పోలేదు. నవల సంగతి ఇంతటితో ఆపుతాను. ఒకటి రెండు చోట్ల మాత్రం మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు గుంటూరు అంటే పెద్ద నగరం. ఆనాడు చిన్న ఊరు. గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో. జిల్లా కేంద్రం కాగానే కచేరీలు, కోర్టులు, వాటి చుట్టూ ప్లీడర్లు. చిన్న ఊళ్ళో ప్లీడరు ఇల్లు ఎలా ఉంటుందో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. ముందు వసారాలో కక్షిదార్లు. వాయిదా రేపంటే ఈ రాత్రే పల్లెటూరు నుంచి బండి కట్టుకుని వస్తారు. వాళ్ళకి పడక కావాలి, పొద్దున్నే మజ్జిగన్నం కావాలి. గుమస్తా భోజనం కూడా ఇక్కడే. ఊళ్ళో చదువుకునే బంధువుల పిల్లలు నలుగురు వారాలబ్బాయిలుగానో, ఇంట్లోవాళ్ళుగానో ఉంటారు. వసారాలో జరిగేదాన్ని వృత్తి అన్నారు, దానికి ఫీజు ఉంది. వంటింట్లో జరిగేదానికి పేరు కూడా లేదు. నేను సోషియాలజీ చదువుకున్న రోజుల్లో కుటుంబం మీద పాఠాల్లో ఈ వసారాకీ వంటింటికీ మధ్య ఉన్న గుమ్మం గురించి ఒక్క పేజీ కూడా లేదు. అది మనం, స్త్రీల గుంపులం, రాసుకోవాల్సొచ్చింది.

మామూలు ప్లీడరు ఇంటి సంగతే ఇది. ఇక వితంతువుల్ని చేరదీసే ప్లీడరు ఇల్లంటే ఎలా ఉంటుందో ఊహించండి.

వితంతు వివాహం చట్టబద్ధమై అప్పటికి దాదాపు యాభై ఏళ్ళయింది. 1856 చట్టం చేశాక పాతికేళ్ళకి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇంట్లో మొదటి పెళ్ళి జరిగింది. దానికి పోలీసు బందోబస్తు కావాల్సొచ్చింది. చట్టం ఉన్నా పోలీసులెందుకు అంటే, చట్టం పెళ్ళి చెల్లుతుందని మాత్రమే చెప్పింది. ఆ పిల్లని ఇంట్లోంచి బయటికి తెచ్చేదెవరు, తెచ్చాక తండ్రో బావగారో "మైనరు పిల్లని ఎత్తుకుపోయారు" అని కేసు పెడితే ఎదుర్కొనేదెవరు, పెళ్ళయ్యేదాకా ఎక్కడుంచాలి, పెళ్ళయ్యాక ఆ జంటకి బావిలో నీళ్ళు తోడుకోనిచ్చేదెవరు, పురోహితుడూ వంటవాడూ చాకలీ రాకపోతే ఏం చెయ్యాలి అన్నవాటికి చట్టంలో జవాబు లేదు. ఈ పనిలో ప్లీడరుకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. బెదిరింపుకి భయపడని, కోర్టు భాష తెలిసిన మనిషి ఒకడు ఊళ్ళో ఉన్నాడంటే కేసు పెట్టేవాడు కొంచెం ఆలోచిస్తాడు. చిన్న ఊళ్ళో అది తక్కువ సంగతి కాదు. మన కార్యకర్తలకి ఈ రోజుకీ తెలుసు. మండలంలో మనవైపు నిలబడే వకీలు ఒక్కరుంటే స్టేషన్లో మాట తీరే మారిపోతుంది.

అయితే ఆ 1856 చట్టంలో రెండో సెక్షను ఉంది. దాని గురించి సంస్కర్తలు పెద్దగా మాట్లాడలేదు. తిరిగి పెళ్ళి చేసుకున్న వితంతువుకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోతుంది, ఆవిడ చచ్చిపోయినట్టే లెక్క. పెళ్ళి కావాలా, మనోవర్తి కావాలా అని చట్టం బేరం పెట్టింది. ఇంకా అన్యాయం ఏమిటంటే, మన కష్టజీవుల కులాల్లో చాలావాటిలో మారుమనువు మొదటినుంచీ ఉంది. వాళ్ళకి ఈ చట్టం అక్కర్లేదు. అయినా మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు ఆ ఆడవాళ్ళకి కూడా ఆస్తి పోతుందనే తేల్చాయి. మా ఆచారంలో మారుమనువు ఉంటే ఆస్తి పోదు అన్నది అలహాబాదు హైకోర్టు ఒక్కటే. పై కులాల స్త్రీలకు మేలు చేయడానికి వచ్చిన చట్టం కింది కులాల స్త్రీల దగ్గరున్నది లాక్కుంది. 1956 వారసత్వ చట్టం వచ్చాక కూడా ఈ వాసన పూర్తిగా పోలేదు. కొడుకు పోయిన తర్వాత అతని భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటే మామగారి ఆస్తిలో వాటా లేదనే 24వ సెక్షను 2005 దాకా ఉంది. మన జీవితకాలంలోనే, గమనించండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 1902 శరణాలయానికీ 1922 శారదా నికేతనానికీ మధ్య జరిగిన మార్పు నాకు ఉన్నవ జీవితంలోకెల్లా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. మొదటిదానికి లక్ష్యం పెళ్ళి. వితంతువు వస్తుంది, వరుడు దొరికేదాకా ఉంటుంది, పెళ్ళయి వెళ్ళిపోతుంది. అంటే ఒక మగవాడి రక్షణ పోయింది కాబట్టి ఇంకో మగవాడి రక్షణలో పెట్టడం. మధ్యలో సంస్థ ఒక వెయిటింగ్ రూము. వీరేశలింగం యుగం మొత్తం మీద మన స్త్రీవాదులు చేసిన విమర్శ ఇదే. ఇరవయ్యేళ్ళ తర్వాత పెట్టింది మాత్రం బడి. అక్కడికి వచ్చే పిల్ల చదువుకుంటుంది, పని నేర్చుకుంటుంది, పెళ్ళి ఆమె ఇష్టం. శరణాలయం కాస్తా విద్యాలయమైంది. పేరులోనే తేడా ఉంది: శరణు కోరి వచ్చేవాళ్ళు వేరు, చదువుకోసం వచ్చేవాళ్ళు వేరు.

ఈ మార్పు ఎందుకొచ్చింది? ఐర్లండులో చూసింది కొంత కావచ్చు, గాంధీ నిర్మాణ కార్యక్రమం కొంత కావచ్చు. జీవిత చరిత్రలు ఈ రెండూ చెప్తాయి. నా అనుమానం వేరే ఉంది. పెళ్ళిళ్ళు చేసి పంపించాక ఆ పిల్లలు ఎలా బతుకుతున్నారో ఎవరికి తెలుస్తుంది? సభలో ఉపన్యాసం ఇచ్చినవాడికి తెలియదు. పురిటికి ఎక్కడికి వెళ్ళాలో తెలియక, పుట్టింటి తలుపులు మూసుకుపోయి, ఉత్తరం రాసుకునేది ఒక ఆడమనిషికి. పెళ్ళి ఒక్కటే చాలదని ముందు అర్థమయ్యేది ఆ మనిషికి. ఆ ఇంట్లో ఆ మనిషి లక్ష్మీబాయమ్మ గారు.

ఆవిడ గురించి మన దగ్గర ఉన్నది చూడండి. "ఉన్నవ దంపతులు స్థాపించిరి." "సహధర్మచారిణి." "భర్త ఆశయములకు అనుగుణముగా నడచుకొనెను." ఇంకొంచెం ఉదారంగా రాసినవాళ్ళు సంఘసేవకురాలు అని, స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నదని ఒక వాక్యం రాస్తారు. అనుగుణంగా నడుచుకోవడం అంటే ఏమిటి? కొన్ని తేదీలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 1913 నుంచి 1916 దాకా ఆయన సముద్రం అవతల ఉన్నారు. జీవిత చరిత్రకారులందరూ ఆయనతోపాటు ఓడెక్కి డబ్లిన్ వెళ్ళిపోతారు. ఐరిష్ స్వాతంత్ర్య వీరుల గురించి పేజీలు రాస్తారు. గుంటూరులో ఆగి, ఆ మూడేళ్ళూ ఆ ఇంటినీ, దాన్ని నమ్ముకుని వచ్చిన వాళ్ళనీ ఎవరు చూశారని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు. తర్వాత 1921-22. ఆయన జైల్లో ఉన్నారు, అక్కడ నవల రాస్తున్నారు. సంపాదన అప్పటికే వదులుకున్నారు. ప్రాక్టీసు వదిలెయ్యడం మహా త్యాగం అని సభల్లో చెప్తాం. నేనూ ఒప్పుకుంటాను. కానీ ప్లీడరు ప్రాక్టీసు వదిలితే నెలాఖరుకి బియ్యం కొట్టువాడికి సమాధానం చెప్పుకునేది ఆ ఇంటి ఇల్లాలు. త్యాగం ఒకరి పేరు మీద నమోదవుతుంది, దాని ఖర్చు ఇంకొకరు కడతారు. ఆ సంవత్సరాల్లోనే, 1922లో, శారదా నికేతనం మొదలైంది. జైలు, నవల, బడి మూడూ ఒకే మనిషి ఖాతాలో ఒకే కాలానికి రాశాం. లెక్క తెలిసిన ఎవరికైనా ఇందులో ఇంకో మనిషి పని కలిసిపోయిందని అర్థం కావాలి.

ఆడపిల్లల బోర్డింగు నడపడమంటే ఏమిటో మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. రోజూ రెండు పూటలా వంట. జ్వరాలు. నెలసరి బట్టలు. ఊళ్ళో పుట్టే పుకార్లు. చందాలకి వెళ్తే "మీ ఆశ్రమంలో పిల్లలు ఎలాంటివాళ్ళమ్మా" అని అడిగే పెద్దమనుషులు. ఈ పనికి బారిస్టరీ సర్టిఫికెట్టు పనికిరాదు. అదలా ఉంచి, అప్పట్లో ఆడవాళ్ళు ప్లీడర్లు కావడానికే వీల్లేదు. 1923లో చట్టం చేస్తేగానీ దేశంలో ఆడవాళ్ళకి వకీలు వృత్తిలోకి రావడానికి అడ్డు తొలగలేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ జైళ్ళకు వెళ్ళొచ్చి, చదువుకుని, మద్రాసులో ప్లీడరు కావడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. కాబట్టి కోర్టు పక్కన ఆయన, వంటింటి పక్కన ఆవిడ ఉండడం వాళ్ళిద్దరి స్వభావాలను బట్టి జరిగింది కాదు. గుమ్మం ముందే కట్టి ఉంది.

ఇక నేను ఇక్కడికి రావడానికి అసలు కారణమైన విషయం చెప్తాను. దానికి మాలపల్లి కావాలి.

నవలలో రామదాసు కుటుంబం సెటిల్మెంటు పాలవుతుంది. మాల కుటుంబం. కూలి ధాన్యంగా ఇవ్వకుండా డబ్బుగా ఇస్తామన్న రైతుల్ని ఎదిరించిన సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దోపిడీలకు దిగుతాడు. కుటుంబం నేరస్థుల సెటిల్మెంటుకి పోతుంది. ఇది కల్పన కాదు. గుంటూరు జిల్లాలోనే, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అప్పటికే అలాంటి సెటిల్మెంటు నడుపుతోంది. నేరస్థ జాతుల చట్టం కింద మనుషుల్ని కులాల వారీగా తెచ్చి పెట్టేవారు. వాళ్ళకీ చదువు చెప్పారు, పని నేర్పారు, దేవుడి పాటలు పాడించారు. బాగుచెయ్యడమే దాని ఉద్దేశం. కాకపోతే హాజరు పట్టీ ఉంది, గేటు ఉంది. చీటీ లేకుండా బయటికి పోతే నేరం.

ఒకే ప్లీడరు, ఒకే జిల్లాలో, ఒక చేత్తో సెటిల్మెంటు గురించి రాశాడు, ఇంకో చేత్తో ఆడపిల్లలకి ఆశ్రయం నడిపాడు. మంచి చేస్తున్నామంటూ మనుషుల్ని నాలుగు గోడల మధ్య పెట్టే సంస్థ ఎలా ఉంటుందో తెలిసినవాడు. ఆయన ఈ రెంటినీ పక్కన పెట్టి ఆలోచించారో లేదో గానీ, మనం మాత్రం ఆలోచించక తప్పదు. ఎందుకంటే మన సంస్థల్లో చాలావాటికి షార్ట్ స్టే హోములున్నాయి, స్వధార్ గృహాలుండేవి. 2022లో మిషన్ శక్తి వచ్చాక వాటికి శక్తి సదన్ అని పేరు మారింది. పేరు మారితే గేటు మారుతుందా?

పరిశోధన పనిమీద నేను ఒక హోములో కొన్ని రోజులున్నాను. ఊరి పేరూ సంస్థ పేరూ చెప్పను. భర్త కొడితే పారిపోయి వచ్చిన ముప్ఫయ్యేళ్ళ ఆమె, ఇద్దరు పిల్లల తల్లి. వచ్చిన రోజే ఫోను తీసి బీరువాలో పెట్టారు. వారానికి ఒకసారి, వార్డెను ముందు కూర్చుని మాట్లాడాలి. ఉద్యోగం చూసుకుంటానంటే "ఇప్పుడే ఎందుకమ్మా, మేము చూస్తాం కదా" అన్నారు. ఆమె నాతో అన్నమాట ఇది: "మా ఆయన కూడా ఇట్టాగే అనేవోడండీ." వార్డెను చెడ్డ మనిషి కాదు. పొద్దున్న నాలుగింటికి లేచి అందరికీ పాలు కాచేది. రెండేళ్ళుగా జీతం సరిగ్గా రావడం లేదు. ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందని ఆమె భయం. గేటుకి తాళం వేసింది ఆ భయమే. గృహ హింస చట్టం 2005లో మనం పోరాడి నివాస హక్కు రాయించుకున్నాం. 17వ సెక్షను ప్రకారం ఆమె ఉండాల్సింది తన ఇంట్లో. ఆమె ఇల్లు విడిచి వచ్చి తాళం వెనక ఉంది, కొట్టినవాడు ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నాడు. హోము పెట్టడం తేలికగా ఉంది కాబట్టి ప్రభుత్వం హోము పెడుతుంది. మొగుణ్ణి బయటికి పంపే ఉత్తర్వు కోర్టునుంచి తేవడం కష్టం కాబట్టి మనం కూడా మెల్లగా హోము వైపే జరిగిపోయాం.

శరణాలయం నుంచి బడికి మారిన ఆ ఇరవయ్యేళ్ళు నాకు అందుకే ముఖ్యం. పెట్టిన సంస్థ చాలదని తెలుసుకుని ఇంకోటి పెట్టడం సంస్కర్తలు అరుదుగా చేసే పని. మనకి ప్రాజెక్టు కాలం మూడేళ్ళు, రిపోర్టులో విజయాలు రాయాలి. ఇది చాలలేదని రాస్తే మరుసటి ఏడాది గ్రాంటు రాదు. ఆయనకా ఇబ్బంది లేదని కాదు, చందాలిచ్చినవాళ్ళకి ఆయనా జవాబు చెప్పుకున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పొగడ్తలే చెప్పి వెళ్ళిపోతే బాగుండదు. నవలలో రామానాయుడి భార్య కమల భర్తను వదిలి ఇంకొకరితో వెళ్ళిపోతుంది. అంత సానుభూతి ఉన్న రచయిత, ఆడపిల్లలకి బడి పెట్టిన రచయిత, కమలకి సుఖమిచ్చే దారి చూపించలేదు. వితంతువు మీద జాలి పడడం తేలిక. ఆమెకేదో జరిగింది, ఆమె ఏమీ చెయ్యలేదు. తనకై తాను ఒక పని చేసిన ఆడదాని దగ్గరికి వచ్చేసరికి సంస్కర్త చెయ్యి ఆగిపోతుంది. మన హోముల్లో కూడా చూడండి. కట్నం బాధితురాలికి ఒక మర్యాద, ప్రేమించినవాడితో వచ్చేసి మోసపోయిన పిల్లకి ఇంకో మర్యాద. ఫారం ఒకటే, అడిగే గొంతు వేరు.

కులం సంగతి కూడా. శరణాలయాలకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఏ కులాలవాళ్ళయి ఉంటారో చెప్పనక్కర్లేదు. నిర్బంధ వైధవ్యం ఉన్న కులాలే. మాలపల్లిలో మహాలక్ష్మి, జ్యోతి లాంటి ఆడవాళ్ళకి కావలసింది వేరు: కూలి, భూమి, కాపు దొర చెయ్యి పడకుండా పొలం నుంచి ఇంటికి రావడం. ప్లీడరు గారికి ఇది తెలుసు, నవలే సాక్ష్యం. తెలిసి కూడా సంస్థగా కట్టగలిగింది మొదటిదాన్నే. రెండోదానికి ఇంకా ఎవరం పూర్తిగా కట్టలేదు, దళిత స్త్రీలు తామే కట్టుకుంటున్నారు.

ఒక చిన్న విషయం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 నుంచి 1956 దాకా హైకోర్టు గుంటూరులోనే ఉంది. చిన్న ఊరి ప్లీడరు ముసలితనంలో తన ఊళ్ళోనే హైకోర్టును చూశాడు. హిందూ వివాహ చట్టం, వారసత్వ చట్టం వచ్చిన సంవత్సరాలు కూడా అవే. భర్త పోయినామె ఆస్తి మీద పూర్తి హక్కు 14వ సెక్షనులోకి వచ్చింది. యాభై ఏళ్ళ కింద ఆ ఇంటి వసారాలో కూర్చున్న పిల్లలకి ఈ సెక్షను ఉండి ఉంటే ఎంతమందికి రెండో పెళ్ళి అవసరమయ్యేదో!

నేను అడిగేది ఒక్కటే, అది కూడా పని. మీ జిల్లాల్లో ఇలాంటి పాత ఆశ్రమాలు, ఆడపిల్లల బోర్డింగులు ఏవైనా ఉంటే వాటి కాగితాలు వెతకండి. మినిట్సు పుస్తకాలు దొరుకుతాయి, అవి మగవాళ్ళు రాసుకున్నవి. నాకు కావలసినవి అవి కాదు. ప్రవేశాల రిజిస్టరు, కిరాణా పద్దు, ఇక్కడ చదివి వెళ్ళిన పిల్లలు రాసిన ఉత్తరాలు కావాలి. కిరాణా పద్దు ఎవరి చేతిరాతలో ఉందో చూస్తే సంస్థ ఎవరు నడిపారో తెలిసిపోతుంది. చెదలు పట్టకముందే జిరాక్సు తీయించండి, ఫోనుతో ఫొటో అయినా తీయండి. వంటమనిషి పేరు కనిపిస్తే అది కూడా రాసుకోండి. అలాగే ఇప్పుడు మన హోముల్లో పనిచేస్తున్న వార్డెన్లు, ఆయాలు, వాచ్‌మన్ భార్యల పేర్లు మన వార్షిక నివేదికల్లో ఎక్కడున్నాయో ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి తీసి చూద్దాం. నివేదికలు నా సంచిలో ఉన్నాయి. ఈ లోపు మీ ప్రశ్నలు అడగండి.